ఇసిరితే ఊకోని మనిషి

జనగామ చౌరస్తాలో మా మేనత్త ఫ్లెక్సీ కట్టిండ్రు. చుట్టూ గులాబీ పూలు, మధ్యలో ఆమె ఫోటో. కింద పెద్ద అక్షరాలతో "సహనమూర్తి, శాంతస్వభావురాలు, మృదుభాషిణి" అని రాసి ఉంది.

బస్సు దిగి అది చదివిన. ఏడుస్తననుకున్న గాని ఏడుపు రాలే. ఒళ్లు మండింది. ఎవరు సహనమూర్తి? ఎవరు మృదుభాషిణి? ఆమె గొంతు లేస్తే ఎదురుంగ ఉన్న మెడికల్ షాపులో మందులు కొనేటోళ్లు గూడ తిరిగి చూసేటోళ్లు. ఫోటోలో ఆ నవ్వు కూడ ఆమెది కాదు. స్టూడియో అతను కంప్యూటర్ మీద మూతి కొసలు కొద్దిగ పైకి లేపిండు. బతికున్నన్ని రోజులు ఆ మూతిని ఎవ్వరూ లేపలేకపోయిండ్రు.

అత్తమ్మ వాళ్లది స్టేషన్‌కు పోయే తొవ్వలో చాక్లెట్లు, బిస్కెట్ల హోల్‌సేల్ దుకాణం. మామయ్య పోయినంక గల్లా దగ్గర ఆమెనే కూర్చుంది. కంపెనీలతో మాటలు, ఫోన్లు, బండ్లు అన్నీ వాళ్ల కొడుకు, అంటే మా బావ చూసుకునేది. వచ్చినోళ్లకు సరుకు ఇచ్చుడు, వాళ్లతో కొట్లాడుడు మాత్రం ఆమెదే. డిసెంబర్ పడంగనే ఆ దుకాణానికి కొత్త కళ వచ్చేది. నర్మెట్ట నుంచి, దేవరుప్పుల నుంచి చిన్న చిన్న దుకాణాలోళ్లు మంకీ టోపీలు పెట్టుకొని బండ్ల మీద వచ్చి, అట్టపెట్టెలు వెనక కట్టుకొని పోయేటోళ్లు. క్రిస్మస్‌కు చర్చోళ్లు వచ్చేటోళ్లు, న్యూ ఇయర్‌కు బడులోళ్లు వచ్చేటోళ్లు. అత్తమ్మ చీర మీద మామయ్య పాత స్వెట్టర్ తొడుక్కొని, చేతులు మోచేతుల దాక మడిచి కూర్చునేది. ఆ స్వెట్టర్‌లో ఆమె పోలీసు లెక్క కనబడేది.

ఒకసారి ఒక ప్రైవేటు బడి ఆయన వచ్చిండు. నేను అక్కడనే ఉన్న.

"అవ్వా, జర అగ్గువల ఉన్న చాక్లెట్లు ఇయ్యి. పిల్లలకే గదా" అన్నడు.

"పిల్లలకే గదా అంటే ఏంది? పిల్లలకు నాలుక లేదా?"

"అట్ల కాదవ్వా..."

"ఎట్ల మరి? గీ అగ్గువది ఉన్నదే, గిది మైనం. మీ ఇంటికి తీస్కపోయి వత్తి పెట్టి ముట్టియ్యి, కరెంటు పోయినప్పుడు పనికొస్తది. నీ బిడ్డకు గిది పెడ్తవా? చెప్పు. పెడ్తనంటే ఇస్త."

ఆయన అగ్గువది పక్కకు పెట్టిండు. మంచి చాక్లెట్లే తీసుకొని పోయిండు. మరుసటి ఏడు మళ్ల ఆమె దగ్గరికే వచ్చిండు. ఆమె తిట్లు తిని పోయినోళ్లు చానమంది అట్ల మళ్ల వచ్చేటోళ్లు. ఎందుకొచ్చేటోళ్లో నాకు ఇప్పటికీ పూర్తిగ అర్థం కాదు.

ఆమెకు అన్నిటికంటే ఎక్కువ మండేది ఒకటుంది. చాక్లెట్‌ను ఇసిరేసుడు. దుకాణంలో పనిచేసేటోళ్లు ఎవరన్నా ప్యాకెట్‌ను గల్లా మీది నుంచి ఇసిరితే, గిరాకీ ముందట్నే "చేతికియ్యి! కుక్కకేస్తున్నవా?" అని అరిచేది. పక్క కిరాణాకొట్టు ఆయన చిల్లర లేదని చాక్లెట్ చేతుల పెడితే ఆయన మీదికి పోయేది. "చాక్లెట్ చిల్లర కాదు. దాన్ని గట్ల చెయ్యకుండ్రి" అనేది. పెండ్లికి బంగారం పెట్టినంత పట్టింపుగ, ఒక్క చాక్లెట్ ఇచ్చినా కుడిచెయ్యి సాపి, మనిషి మొఖం చూసి ఇచ్చేది. చూసుడు మాత్రం కోపంగనే. అయినా చూసేది.

తాను తినేటప్పుడు మాత్రం ఇంకో మనిషి. పొద్దుగూకే ముందు గిరాకీ జర తగ్గంగనే, పల్లీలున్న చాక్లెట్ ఒకటి తీసి, రేకును చింపకుండ మెల్లగ విప్పి, ముక్క నోట్లో పెట్టుకొని కండ్లు మూసుకునేది. కొరికేది కాదు. దానంతట అది కరగాలె. అప్పుడు ఎవరు పిలిచినా పలికేది కాదు, వేలు మాత్రం పైకి లేపేది. ఆగు అని. కంపెనీ ఆఫీసరు వచ్చినా గంతే, ఆగాల్సిందే. కండ్లు తెరిచినంక మొదటి మాట మళ్ల తిట్టే.

"ఎందుకత్తమ్మా నీకింత కోపం?" అని ఒకసారి అడిగిన. చిన్నప్పుడు ఏదన్నా జరిగిందేమో, ఎవరన్నా అవమానం చేసిండ్రేమో, ఒక కత చెప్తదనుకున్న.

"కోపం రావాల్సినకాడ వస్తది. దానికి కత ఎందుకు? నీకెందుకు వస్తలేదో చెప్పు ముందు" అన్నది.

నేను నర్సింహులపేట దగ్గర బడిలో టీచర్‌ను. మానుకోటలో ఉంటం. మహబూబాబాద్ అని బోర్డులు ఎన్ని రాసినా మాకు అది మానుకోటనే. ఒక డిసెంబర్‌లో అత్తమ్మ మా ఇంటికొచ్చి ఉంది. మా స్టాఫ్ రూములో ఒకరికొకరు గిఫ్టులు ఇచ్చుకుందామని అనుకుంటే, నేను బంగారు రంగు రిబ్బన్ కట్టిన పెద్ద చాక్లెట్ డబ్బా కొనుక్కొచ్చిన. అత్తమ్మ దాన్ని చూడంగనే విప్పింది. వద్దన్నా వినలే. లోపల ప్లాస్టిక్ గుంతలు, ఒక్కో గుంతలో ఒక్కో చాక్లెట్, మిగిలిందంత కాయితం.

"తొట్టెల గింత పెద్దది, బిడ్డ గుప్పెడు" అన్నది. డబ్బా తిరగేసి, అద్దాలు పెట్టుకొని, వెనక ఉన్న నంబరుకు నా ఫోన్ నుంచి కొట్టింది. అవతల ఒక అమ్మాయి చాల మర్యాదగ మాట్లాడింది.

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామండీ."

"నువ్వు చింతపడకు బిడ్డా. లోపల చాక్లెట్ పెట్టుమని మీ సార్లకు చెప్పు."

"క్షమించండి, మీ భాష నాకు సరిగ్గా అర్థం కావట్లేదండీ. కాస్త తెలుగులో చెప్తారా?"

అంతే. ఆ తర్వాత అత్తమ్మ ఏమేం అన్నదో నేను రాయను. నా ఫోన్ వేడెక్కింది. చివరికి ఆ అమ్మాయే "మీరు చెప్పింది నిజమే అమ్మా, మా ఇంట్లో కూడా అట్లనే అనుకున్నం" అన్నది. ఆమె కూడ మన దిక్కు పిల్లనే, నౌకరి కోసం గొంతు మార్చుకున్నది. అత్తమ్మ కోపం ఆ అమ్మాయి మీది నుంచి ఆమె సార్ల మీదికి మళ్లింది.

గింత దాక చెప్పింది చదివి నవ్వుకుంటరు. మా చుట్టాలు కూడ గిట్లనే చెప్పుకొని నవ్వుకుంటరు. కాని భూపాలపల్లిలో జరిగింది ఎవ్వరూ చెప్పరు. దాన్ని దాచిపెట్టేందుకే ఆ ఫ్లెక్సీ కట్టిండ్రని నాకు అనుమానం.

అత్తమ్మ బిడ్డ, మా వదిన, భూపాలపల్లిలో ఉంటది. ఆమె భర్తది బొగ్గుబాయిలో నౌకరి. ఏటా క్రిస్మస్ సెలవుల ముందు అత్తమ్మ ఒక అట్టపెట్టె నిండ చాక్లెట్లు పెట్టుకొని బస్సులో అక్కడికి పోయేది. క్వార్టర్లల్ల పిల్లలకు ఇంటింటికీ తిరిగి ఇచ్చేది. ముందటేడు నాకు కూడ సెలవులు కలిసొచ్చి ఆమెతో పోయిన.

వదిన వాళ్ల గల్లీ చివర ఆడపిల్లల హాస్టలుంది. ఊర్ల నుంచి, తండాల నుంచి వచ్చిన పిల్లలు చదువుకుంటరు. ఆ రోజు సెలవులకు ఇంటికి పోయే ముందట పిల్లలను బయట వరుసల్ల నిలబెట్టిండ్రు. ఒక కాంట్రాక్టరు చాక్లెట్లు పంచుతడట. మేం గేటు దగ్గర నిలబడి చూస్తున్నం. పైకప్పు లేని జీపు వచ్చింది. ఆయన తెల్లబట్టలతోటి అందులోనే నిలబడ్డడు. ముందట ఒకడు ఫోన్ పట్టుకొని వీడియో తీస్తున్నడు. వార్డెన్ మేడం ఒక పళ్లెం తెచ్చి, పిల్లలను ఒక్కొక్కరిని పంపిస్తనన్నది.

వీడియో తీసేటోడు అన్నడు: "లైన్ల ఉంటే వీడియోల మంచిగ రాదు సార్. మీరు ఇసరుండ్రి. పిల్లలు ఎగబడితే మస్తుగుంటది."

ఆయన ఇసిరిండు. గుప్పిళ్లతోటి, గాలిలోకి, నవ్వుకుంట.

ముందు పిల్లలు కదల్లేదు. వార్డెన్ మొఖం చూసిండ్రు. రెండోసారి ఇసిరేసరికి చిన్నపిల్లలు ఆగలేకపోయిండ్రు, వాళ్ల వెనక పెద్దపిల్లలు. వరుసలు ఇరిగిపోయినయ్. దుమ్ము లేచింది. ఆయన ఇంకా ఇసిరిండు. ఆ గుంపు కింది నుంచి ఒక పిల్ల బయటికొచ్చింది. బక్కపిల్ల, ఆకుపచ్చ స్వెట్టర్. ఏడుస్తలేదు. ఒక చేతిని పొట్టకు అదుముకొని, ఎటు పోవాలో తెలువనట్టు నిలబడ్డది. వేళ్లు వంకరపోయి ఉన్నయ్.

నేను చూసేలోపలనే అత్తమ్మ గేటు దాటింది. మోకాళ్ల నొప్పులతోటి మెట్లు దిగలేని మనిషి, జీపు ముందటికి ఎట్ల పోయిందో పోయింది. జీపు తలుపు పట్టుకున్నది.

"దిగు."

"ఏంది పెద్దమ్మా, నీకు గూడ కావాల్నా?" అన్నడాయన. చుట్టున్నోళ్లు నవ్విండ్రు.

"దిగుమంటున్న. ఇసిరింది నువ్వే గద, ఏరేది గూడ నువ్వే. దిగి ఏరు. ఒక్కొక్కటి తుడిచి ఆ పిల్లల చేతికియ్యి. నీకు ఎవ్వలు ఇచ్చిండ్రు గీ హక్కు? మనిషి పిల్లలను కోళ్లను చేసి ఆడిపిస్తున్నవ్. నీ బిడ్డకు గిట్లనే పెడ్తవా అన్నం, పీట మీద నిలబడి ఇసిరి?"

ఆయన నవ్వు ఆగింది. డ్రైవరుకు సైగ చేసిండు. జీపు వెనక్కి పోయింది. అత్తమ్మ చెయ్యి తలుపు మీది నుంచి జారి, పడబోయి నిలదొక్కుకున్నది. అప్పటికి కూడ కొంతమంది పిల్లలు నేల మీద ఏరుతున్నరు. "ముట్టకుండ్రి!" అని ఒక్క అరుపు అరిచింది. ఒక చిన్నపిల్ల చేతిలోది కింద పడేసి ఏడ్చింది.

అత్తమ్మ మొఖం అట్ల మారుడు నేను ఎన్నడూ చూడలే. అక్కడనే దుమ్ములో కూలబడ్డది. ఆ చాక్లెట్ తీసి కొంగుతోటి తుడిచి, పిల్ల చేతిలో పెట్టింది. "నీదే బిడ్డా. తిను. నేనన్నది నిన్ను గాదు" అన్నది. గొంతు తగ్గించుడు ఆమెకు సరిగ్గ రాదు. తిట్టినట్టే అన్నది. పిల్ల మాత్రం తిన్నది.

ఆకుపచ్చ స్వెట్టర్ పిల్లను ఆటోలో దవాఖానకు తీసుకపోయినం. వార్డెన్ కూడ వచ్చింది. డాక్టర్ వేళ్లు చూసి "ఎట్ల అయింది?" అని అడిగిండు.

"మెట్ల మీద జారి పడ్డది సార్" అన్నది వార్డెన్.

"జారి పడలే" అన్నది అత్తమ్మ. "చాక్లెట్లు ఇసిరితే ఏరబోయి తొక్కిచ్చుకున్నది. గదే రాయి."

"అమ్మా, మా నౌకరీలు పోతయ్" అన్నది వార్డెన్ చిన్నగ. ఆమె కండ్లల్ల నీళ్లున్నయ్.

"దాని వేళ్లు పోయినయ్. ముందుగాల గది చూడు. సారూ, రాస్తున్నవా?"

డాక్టర్ మా అందరినీ చూసిండు, పిల్లను చూసిండు. "నువ్వు చెప్పు బిడ్డా" అన్నడు. ఆ పిల్ల వార్డెన్ దిక్కు చూసింది. తర్వాత అత్తమ్మ దిక్కు చూసి "తొక్కిండ్రు" అన్నది. డాక్టర్ అదే రాసిండు.

మేం జనగామకు వచ్చేసరికి ఆ వీడియో మాకంటే ముందే చేరింది. చాక్లెట్లు ఇసిరింది కోసేసిండ్రు. పిల్ల చెయ్యి కోసేసిండ్రు. మిగిలింది అత్తమ్మ అరుపు ఒక్కటే, దాని కింద డప్పు చప్పుడు, పైన "చాక్లెట్ ముసలమ్మ లొల్లి" అని పేరు. మా బావ ఫోన్‌కు కూడ వచ్చింది. దాని వెనకనే కాంట్రాక్టరు ఫోన్. ఆయన చుట్టాలకు బడులున్నయ్, దుకాణాలున్నయ్. అన్నిటికీ సరుకు మా బావ దగ్గర నుంచే పోతది.

బావ ఇంట్లో నిలబడి అన్నడు: "అమ్మా, ఒక్క నిమిషం వీడియో తీస్త. వయసు మీద పడ్డది, మాట జారిన, పెద్ద మనసు చేసుకొని మాఫ్ చెయ్యుండ్రి అను. గంతే."

"ఆ పిల్ల వేళ్లు?"

"అతుక్కుంటయ్ లేమ్మా."

నాకు ఆ మాట ఇప్పటికీ చెవులల్ల ఉన్నది. బావ చెడ్డోడు కాదు. అందుకే ఇంకా మండుతది. చెడ్డోళ్లు అన్న మాటైతే మరిచిపోయేదాన్ని.

అత్తమ్మ లోపలికి పోయి మంచి చీర కట్టుకొని వచ్చింది. స్వెట్టర్ విప్పింది. కుర్చీలో కూర్చున్నది. "తియ్యి" అన్నది. బావ ఫోన్ పట్టుకున్నడు. ఆయనకు పెద్ద బరువు దిగినట్టున్నది. నాకైతే ఆమె నిజంగనే మాఫ్ అడుగుతదేమోనని భయమైంది.

"నేను చాక్లెట్లు అమ్ముకొని బతికిన" అన్నది అత్తమ్మ. ఆమె అంత నిదానంగ మాట్లాడంగ నేను వినుడు అదే మొదటిసారి. "పండుగపూట చాక్లెట్ ఎందుకిస్తరు? నువ్వు నాకు యాదికున్నవని చెప్పుటానికి ఇస్తరు. నువ్వు జీపుల నిలబడి ఆ పిల్లలకు ఏం చెప్పినవ్? మీరు మనుషులు గారని చెప్పినవ్. పో. ఆ పిల్ల ఉన్నకాడికి పో. దాని ముందట కూసొని మాఫ్ అడుగు. అడిగినంక నా దుకాణంకు రా. నీకు గూడ మంచి చాక్లెట్ ఇస్త. చేతికిస్త."

బావ ఫోన్ కిందికి దించిండు. ఆ వీడియోను తీసేసిండు. కాంట్రాక్టరుకు తానే ఫోన్ చేసి, "మా అమ్మకు మతి సరిగ్గ ఉంటలేదు సార్" అని చెప్పిండు. అత్తమ్మ వింటనే ఉన్నది. మరునాటి నుంచి గల్లా దగ్గర కోడలు కూర్చున్నది.

ఆమె ఇంట్లో కూర్చొని ఏడ్చిందనుకుంటున్నరా? చుట్టాలు గట్లనే చెప్తరు, "అప్పటి నుంచి చాల శాంతపడ్డది" అని. శాంతం లేదు, ఏం లేదు. దుకాణం లేకపోయేసరికి ఆమెకు తీరిక దొరికింది. బస్సెక్కి భూపాలపల్లి పోయి ఆ పిల్లను చూసుడు మొదలుపెట్టింది. కట్టు విప్పినప్పుడు పోయింది. ఒక వేలు వంకరనే ఉండిపోయింది. "రాస్తుంటే నొస్తదా?" అని అడిగితే, "అలవాటైంది" అన్నదట పిల్ల. అత్తమ్మ నాకు ఫోన్‌లో ఆ మాట చెప్పుకుంట పటపటమని పండ్లు కొరికింది. "అలవాటైందంటది చూడు. గట్ల అలవాటు చేసిండ్రు" అన్నది.

పోయిన డిసెంబర్‌లో, సెలవులిచ్చే రోజు, అత్తమ్మ వదిన ఇంటి నుంచి కుర్చీ మోయించుకొని పోయి హాస్టల్ గేటు లోపల కూర్చున్నది. వార్డెన్ బతిమిలాడింది. వినలే. జీపు వచ్చింది. కాంట్రాక్టరు కిందికి చూసిండు, ఆమె పైకి చూసింది.

"ఇసురు, చూస్త" అన్నదట. ఇంకేం అనలేదట.

వదిన చెప్పింది, గేటు బయట జనం జమైండ్రని, ఆమె కుర్చీలోంచి లేవలేదని. కొంచెంసేపటికి ఆయన జీపు దిగిండు. పళ్లెం పట్టుకున్నడు. వరుసలో ఉన్న ఒక్కొక్క పిల్ల చేతికి ఇచ్చిండు. ఆమె దిక్కు ఒక్కసారి కూడ చూడలేదు. మాఫ్ అడగలేదు. మళ్ల రాలేదు.

వానకాలంలో అత్తమ్మకు గుండెనొప్పి వచ్చింది. మందులతోటి కొన్ని నెలలు గడిచినయ్. దవాఖానలో నర్సు సూది ట్రేను మంచం మీదికి జరిపేస్తే "చెప్పి పెట్టు, ఇసిరెయ్యకు" అన్నదట. అవే నేను విన్న ఆమె చివరి మాటలు, వదిన నోటి నుంచి. చలి మొదలైన దినాల్లో పోయింది.

పెద్దకర్మ రోజు భోజనాలయినంక బావను పక్కకు పిలిచి అడిగిన. "సహనమూర్తి అని ఎవరు రాయమన్నరు బావా?"

"పోయినోళ్ల గురించి మంచిగనే రాయాలె గద."

"కోపం చెడ్డదని ఎవరు చెప్పిండ్రు నీకు? ఆమెకున్న మంచి అంత అందులోనే ఉండె. దాన్ని తీసేసి ఎవరిదో ఫోటో పెట్టినవ్."

బావ తల దించుకున్నడు. "వీడియో తీసేయకుండ ఉంటే బాగుండు" అన్నడు మెల్లగ. నేను ఆయనను ఓదార్చలే. ఓదార్చాలని అనిపియ్యలే.

మానుకోటకు వచ్చినంక మా బడికి సెలవులు దగ్గరపడ్డయ్. నాకు ఆ హాస్టల్ గుర్తుకొచ్చి నిమ్మళం లేకుండ పోయింది. గేటు దగ్గర ఈసారి ఎవరు కూర్చుంటరు? నేనే పోదామనుకొని, వదిన దగ్గర నంబరు తీసుకొని వార్డెన్‌కు ఫోన్ చేసిన. ఎవరన్నది చెప్పంగనే గుర్తుపట్టింది. దవాఖానలో, పిల్ల మెట్ల మీద జారి పడ్డదని చెప్పిన మనిషే.

"ఈ ఏడు చాక్లెట్లు పంచేటోళ్లు వస్తున్నరా మేడం?" అని అడిగిన.

"చానమందే వస్తున్నరు. నిన్న ఒక సంఘమోళ్లు వచ్చి పోయిండ్రు. లోపలికి రాంగనే, పోయినేడు ఆమె కుర్చీ వేసుకున్నకాడ చూసిండ్రు. 'ఆ ముసలమ్మ ఈసారి గూడ వస్తదా?' అని అడిగిండ్రు. వరుసల పెట్టే పంచిండ్రు, చేతికే ఇచ్చిండ్రు."

"మీరేం చెప్పిండ్రు వాళ్లకు?"

ఆమె గొంతు తగ్గించింది. వెనక పిల్లల గోల వినబడుతున్నది.

"ఎప్పుడైనా రావచ్చని చెప్పిన" అన్నది. "ఆమె పోయిందని నేను ఇక్కడ ఎవ్వరికీ చెప్పలే మేడం. చెప్తే మళ్ల ఇసురుతరు."